స్టాల్ సామాను పంపడానికి ఏది మేలు: సొంత బండా, పార్సిలా, అక్కడే చేయించుకోవడమా?

ఎగ్జిబిషన్ ఖర్చు రాసుకునేటప్పుడు మా చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్లు నడిపే చాలామంది లెక్క ఒకేలా ఉంటుంది. స్టాల్ అద్దె ఇంత, రూములు ఇంత, ఆ తర్వాత ‘లారీ బాడుగ ఓ ఇరవై వేలు వేసుకో’ అంటారు. ఆ ‘వేసుకో’ దగ్గరే లెక్క తప్పుతుంది. నేనూ రెండుసార్లు అలాగే వేసుకుని, తిరిగొచ్చాక బిల్లులు కలుపుకుంటే రెట్టింపు తేలింది. అందులో లారీవాడు ఎక్కువ తీసుకున్నదేమీ లేదు. వాడికిచ్చింది వాడు చెప్పినంతే. మిగతాదంతా నేను అసలు రాసుకోని పద్దుల్లో పోయింది.

నాలాంటి చిన్న యూనిట్లు బెంగళూరులో తుమకూరు రోడ్డు మీదున్న బీఐఈసీ అనే ఎగ్జిబిషన్ సెంటర్లో జరిగే రాళ్ల ప్రదర్శనకి వెళ్తుంటాయి. ముందు దాని సంగతి చూద్దాం. ఇటలీలో వెరోనా ప్రదర్శన లెక్క వేరు, అది చివర్లో చెబుతాను.

బండి మాట్లాడకముందే సరుకు తూకం వేయాలి. మా గెలాక్సీ రాయి, అంటే మెరిసే చుక్కల నల్ల గ్రానైట్, ఘనపు మీటరు సుమారు 2,900 కిలోలు తూగుతుంది. ఆరడుగులకి మూడడుగుల స్లాబు 20 ఎంఎం మందంలో ఒక్కొక్కటి దగ్గర దగ్గర క్వింటా. అలాంటివి ఆరు, వాటిని నిలబెట్టే ఇనప స్టాండు, చెక్క పెట్టె కలిపితే ముప్పావు టన్ను. కొనేవాళ్ల చేతికిచ్చే చిన్న ముక్కలు, ఆరంగుళాలకి నాలుగంగుళాలవి 10 ఎంఎం మందంలో తలా అర కిలో లోపే. అవి వంద వేసుకున్నా 45 కిలోలు. అసలు ఇబ్బంది వెనక గోడకి పెట్టే ప్యానెళ్లు, కౌంటరు టేబులుతో వస్తుంది. వాటికి బరువుండదు, బండిలో సగం చోటు మాత్రం తినేస్తాయి.

సొంతంగా బండి మాట్లాడుకోవడం అన్నిటికన్నా నిశ్చింత. మన హమాలీల ముఠా మన కళ్లముందు ఎక్కిస్తుంది, తాళ్లు మనం చూసుకుంటాం, మధ్యలో ఎక్కడా దించరు. 14 అడుగుల బండి మూడు, నాలుగు టన్నులు మోస్తుంది. మన సరుకు ముప్పావు టన్నే అయినా కట్టేది బండి మొత్తానికే. దీనికి మందు పక్క యూనిట్లే. మేం ముగ్గురం కలిసి వెళ్లినప్పుడు రాయికి తూకం ప్రకారం, ప్యానెళ్లకి బండి పొడవులో ఎన్ని అడుగులు పట్టాయో ఆ ప్రకారం పంచుకున్నాం. మొదటిసారి తలా మూడో వంతు అనుకుంటే, రెండు స్లాబులే తెచ్చినాయన ఇప్పటికీ దెప్పుతుంటాడు. కలిసి వెళ్లినా కాగితాలు మాత్రం ఎవరివి వాళ్లవే. అమ్మకం కాదు, ప్రదర్శనకి కాబట్టి బిల్లు బదులు డెలివరీ చలాన్ మీద పంపాలి. విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు దారిలో వెళ్లడానికి జీఎస్టీ సైటులో తీసుకునే కాగితం, కావాలి. 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు. చీమకుర్తి నుంచి బెంగళూరు 400 దాటుతుంది కాబట్టి మూడు రోజులు వస్తుంది. టైరు పంచరై ఒక పూట ఆగినా టెన్షన్ ఉండదు.

సొంత బండికి డబ్బు కారేది హాల్టింగ్ దగ్గర, అంటే బండి ఆగి ఉన్నందుకు కట్టే డబ్బు దగ్గర. ప్రదర్శనవాళ్లు ప్రతి స్టాలుకీ లోపలికి వచ్చే వేళ ఇస్తారు. మన వంతు మధ్యాహ్నం మూడింటికైతే, తెల్లవారుజామున చేరిన బండి గేటు బయట నిలబడాల్సిందే. పదకొండు కాగానే డ్రైవరు ఫోను చేస్తాడు: ‘‘సార్, హాల్టింగ్ పడుద్ది, ముందే చెప్తన్నా.’’ తప్పు వాడిది కాదు, మనం బయల్దేరదీసిన వేళది. మరో పొరపాటు, రానూ పోనూ అదే బండిని మాట్లాడుకుని ప్రదర్శన జరిగే రోజులన్నీ అక్కడే ఆపడం. దానికన్నా తిరుగు ప్రయాణానికి బెంగళూరు బండి వేరే మాట్లాడుకోవడమే నాకు ఎప్పుడూ చవక పడింది. అయితే ముందే మాట్లాడాలి. ఆఖరి రోజు సాయంత్రం అందరికీ ఒకేసారి బండి కావాలి, గేటు దగ్గర నిలబడ్డ బండివాళ్లు ఎంతంటే అంత ఇవ్వాల్సిందే.

ఇక పార్సిల్ సర్వీసు. కాగితం మీద చూస్తే అన్నిటికన్నా తక్కువ. తూకానికే కట్టాలి, మిగతా చోటుతో మనకి పని లేదు. అందుకే ఒకసారి అలాగే పంపాను. ఏ కంపెనీయో చెప్పను, ఎవరైనా చేసేదే అది. ఒంగోలు గోడౌన్లో ఒకసారి దించారు, దారిలో ఇంకోచోట మరో లారీకి మార్చారు, బెంగళూరు గోడౌన్లో మళ్లీ దించారు. డోర్ డెలివరీ అన్నారు గానీ, డోరంటే వాళ్ల లెక్కలో ప్రదర్శన గేటు కాదట. అక్కణ్ణుంచి చిన్న బండి మళ్లీ నేనే మాట్లాడుకున్నాను. పెట్టె తెరిస్తే ఐదు స్లాబులు బాగానే ఉన్నాయి. ఆరోదాని కింది మూల అరచేయంత ముక్క లేచిపోయింది. ఆ ముక్క పెట్టె అడుగున గడ్డిలో దొరికింది, పాలిష్ వైపు పైకే ఉంది, మెరుస్తూనే ఉంది. రాత్రికి రాత్రి జిగురు పెట్టి అతికించాం. మర్నాడు వచ్చినవాళ్లలో సగంమంది వేలు పెట్టి తడిమింది ఆ గీతనే.

నష్టం అడుగుదామంటే రసీదు వెనక చిన్న అక్షరాలున్నాయి. రోడ్డు రవాణా చట్టం కింద 2011లో వచ్చిన నియమాల ప్రకారం, మనం ముందుగా ఎక్కువ విలువ రాయించకపోతే రవాణాదారు బాధ్యత బాడుగకి పది రెట్ల వరకే. మూడు వేలు బాడుగ కట్టినవాడికి ముప్పై వేలు దాటి రాదు. అదీ ఎంత తిరిగితే వస్తుందో మీకు తెలుసు. అందుకని బీమా విడిగా తీసుకోవాలి, పగుళ్లకి కూడా వర్తిస్తుందని రాయించుకోవాలి. ఇవన్నీ కలిపాక పార్సిల్ చవక అనే మాట నిలబడదు. బ్రోచర్లు, బ్యానర్లు, చేతి ముక్కలు పంపుకోవడానికైతే బాగానే ఉంటుంది. స్లాబులకి మాత్రం నా ఓటు లేదు.

మూడోది, స్టాల్ అక్కడే చేయించుకోవడం. ప్యానెళ్లు, కౌంటరు, లైట్లు అన్నీ బెంగళూరు వడ్రంగి కడతాడు, మనం రాయి మాత్రం తీసుకెళ్తాం. ఇక్కడ చేయించి మూడేళ్లు వాడుకుందాం అనుకునేవాళ్లు ఒకటి ఆలోచించాలి. ఆ ప్యానెళ్లు ఏడాదంతా ఉండేది మన షెడ్డులో, రంపం నీళ్లు, రాతి పొడి మధ్య. మావి రెండో ఏటికే ఉబ్బిపోయాయి. ఏడాదికి రెండు, మూడు ప్రదర్శనలకి వెళ్లేవాళ్లకి సొంత సెట్టు గిట్టుబాటు కావచ్చు. రెండేళ్లకోసారి వెళ్లే నాలాంటివాడికి అక్కడ కట్టించి అక్కడే వదిలేయడం మేలు. బండిలో చోటు మిగులుతుంది, తిరుగు బాడుగా సగం తగ్గుతుంది.

ఏ దారిలో వెళ్లినా తప్పనిది గేటు నుంచి స్టాలు దాకా ఉన్న ఆ రెండొందల గజాలు. లోపల మన ముఠాని రానివ్వరు. ప్రదర్శనవాళ్లు నియమించిన ఏజెంటు ఫోర్క్‌లిఫ్టే వాడాలి, గంట చొప్పున కట్టాలి. మా పెట్టె దించడానికి ఇరవై నిమిషాలు పట్టింది, బిల్లులో కనీసం రెండు గంటలని ఉంది. ఖాళీ పెట్టెలు దాచినందుకు వేరే, ఆఖరి రోజు మళ్లీ ఎక్కించినందుకు వేరే. ఈ రేట్ల కాగితం స్టాలు బుక్ చేసినప్పుడే మెయిల్లో వస్తుంది, ఎవరూ తెరవరు. అది తెరిచాకే బడ్జెట్ రాయండి. అన్నీ ఒకే పెట్టెలో సర్దితే ఫోర్క్‌లిఫ్టు ఒక్కసారే తిరుగుతుంది, కాబట్టి పెట్టె కొలతలు కూడా ఆ కాగితం చూసే నిర్ణయించుకోవాలి.

ఇప్పుడు వెరోనా. అక్కడి రాళ్ల ప్రదర్శన పేరు మార్మోమాక్, ఏటా సెప్టెంబరులో జరుగుతుంది. విమానమా, ఓడా అన్నదే ప్రశ్న. విమానంలో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తారు. అలా వచ్చినదానిలో, అసలు తూకంలో ఏది ఎక్కువైతే దానికి కట్టాలి. రాయికి ఎప్పుడూ తూకమే ఎక్కువ. కానీ 120, 100, 80 కొలతల డిస్‌ప్లే పెట్టె 35 కిలోలే ఉన్నా 160 కిలోలకి కడతాం, అంటే లోపలి గాలికే 125 కిలోల బాడుగ. ఓడలో ఇతరుల సరుకుతో కలిపి పంపితే ఘనపు మీటరుకో టన్నుకో, ఏది ఎక్కువైతే దానికి. టన్ను రాయి ఘనపు మీటరులోపే పడుతుంది కాబట్టి ఓడ లెక్క రాయికి బాగా కలిసొస్తుంది. కృష్ణపట్నం మనకి దగ్గరే కానీ ఇలాంటి చిల్లర సరుకు చెన్నై మీదుగానే పోతుంది. సముద్రం మీద నెల పైనే అనుకోవాలి. 2023 చివర్లో ఎర్రసముద్రం గొడవలు మొదలై ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగడంతో ఇంకో పది రోజుల పైనే కలిశాయి. జులై మొదట్లో బయల్దేరకపోతే ఓడ మాట మర్చిపోవచ్చు. పెట్టె చెక్కతో చేస్తే పురుగు లేకుండా వేడిచేయడం లాంటి శుద్ధి చేసిన చెక్కనే వాడాలి, పక్కన గోధుమ కంకి గుర్తున్న ముద్ర ఉండాలి. ప్లైవుడ్‌కి ముద్ర అక్కర్లేదు గానీ అడుగున వేసే దుంగలకి కావాలి. ఈ దుంగల దగ్గరే చాలామంది దొరికిపోతారు.

వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇచ్చే ఏటీఏ కార్నెట్ (సరుకు కొన్నాళ్లకి విదేశం తీసుకెళ్లి తిరిగి తెచ్చుకునే అనుమతి పత్రం) మీద పంపితే అక్కడ సుంకం లేదు, ఏడాది లోపు తిరిగి తేవాలి. మిషను తీసుకెళ్లేవాడికి అది వరం. మనకి మాత్రం, ఆరు స్లాబులు వెనక్కి తెచ్చే బాడుగతో ఇక్కడ కొత్తవి కోయించుకోవచ్చు. అందుకే నేను కార్నెట్ ఊసెత్తకుండా అక్కడి పన్ను కట్టి, అక్కడి డీలరుకి ఇచ్చేసి వస్తాను. మన జీఎస్టీ లెక్కలో ఆరు నెలల లోపు అమ్మినట్టో, తెచ్చినట్టో చూపాలి కాబట్టి ఆ డీలరుకి బిల్లు రాయడం మరవకూడదు.

ఒక పది చేతి ముక్కలు మాత్రం ఏ పెట్టెలోనూ వేయను. నాలుగున్నర కిలోలు, నా సూట్‌కేసులోనే చొక్కాల మధ్య వస్తాయి.