ఈక్విప్ డబ్బుతో మేత బీడు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మిస్సోరీలో ఆవుల ఫారం పెట్టుకున్న దగ్గర్నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉంటాయి: రైతులు నేలనీ నీటినీ కాపాడుకునే పనులకి అమెరికా ప్రభుత్వం డబ్బు సాయం చేసే ఈక్విప్ పథకం. "ఈక్విప్ కింద కంచెలకీ తొట్లకీ డబ్బులిస్తారట కదా, నిజమేనా? మనలాంటివాళ్లకి వస్తుందా? పడే తిప్పలకి తగ్గ ఫలితం ఉంటుందా?" అని అడుగుతారు. మేం ఒక ఈక్విప్ కాంట్రాక్టు మొదలుపెట్టి పూర్తి చేశాం. ఆ తర్వాత రాష్ట్రం ఇచ్చే సాయంతో ఇంకో పని కూడా చేయించుకున్నాం. అందుకే అడిగినవాళ్లందరికీ పనికొచ్చేలా వివరంగా రాస్తున్నాను.

పథకం మంచిదే, తీసుకోండి. అయితే దీన్ని కంచెల పథకం అనుకుని వెళ్తే సగం లాభమే దక్కుతుంది. మా బీడు మారింది నీళ్ల వల్ల. మొదటిసారి ఆఫీసుకి వెళ్లినప్పుడు కంచె గురించి కాకుండా నీళ్ల గురించి అడగండి. ఎందుకో కింద చెప్తాను.

తెలియనివాళ్ల కోసం కాస్త వివరం. ఈక్విప్ అంటే ఎన్విరాన్‌మెంటల్ క్వాలిటీ ఇన్సెంటివ్స్ ప్రోగ్రామ్. 1996 ఫార్మ్ బిల్లుతో, అంటే అమెరికా వ్యవసాయ చట్టంతో, మొదలైంది. అమెరికా వ్యవసాయ శాఖలోని ఎన్‌ఆర్‌సీఎస్ (నేచురల్ రిసోర్సెస్ కన్జర్వేషన్ సర్వీస్) దీన్ని నడుపుతుంది. ఆ సంస్థ 1935లో, దుమ్ము తుపాన్లు పొలాలను ఎత్తుకుపోతున్న కాలంలో, సాయిల్ కన్జర్వేషన్ సర్వీస్ అనే పేరుతో పుట్టింది. ఈ సంగతి తెలిస్తే వాళ్ల ప్రశ్నలు అర్థమవుతాయి. మీ ఆవు ఎంత బరువు పెరిగిందని వాళ్లు అడగరు. వాన పడితే మీ మట్టి ఎటు పోతోంది, కుంట ఒడ్డు ఎందుకు కోసుకుపోయింది అని అడుగుతారు. 2018 ఫార్మ్ బిల్లు ప్రకారం ఈక్విప్ నిధుల్లో కనీసం 50 శాతం పశువులకు సంబంధించిన పనులకే వెళ్లాలి కాబట్టి, మేత బీళ్లున్న చిన్న రైతుకు ఇందులో చోటు బాగానే ఉంది.

మొదటి మెట్టు వ్యవసాయ శాఖలోనే ఉన్న ఎఫ్‌ఎస్‌ఏ (ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ) ఆఫీసులో మన పొలానికి నంబరు తీసుకోవడం. ఆదాయం, భూమి హక్కుల కాగితాలు అక్కడే ఇస్తారు. తర్వాత ఎన్‌ఆర్‌సీఎస్ నుంచి ప్లానర్ మన పొలానికి వచ్చి అంతా నడిచి చూస్తాడు. నా లెక్కలో మొత్తం పథకంలో అన్నిటికంటే విలువైనది ఆ నడకే. మాకు వచ్చిన ప్లానర్ చేతిలో గడ్డి కొలిచే కర్ర ఉంది. నాలుగడుగులు వేయడం, కర్ర నేలకి ఆనించి గడ్డి ఎత్తు చూడటం, కింద కూర్చుని ఆకులు పక్కకి తోసి నేల ఎంత బట్టతలగా ఉందో చూడటం. కుంటకి దగ్గర్లో గడ్డి అంగుళం కూడా లేదు. అటు చివర, కొండ వాలు వెనక మోకాలెత్తు పెరిగి, ముదిరి, ఎవరూ ముట్టక పడిపోయి ఉంది. రెండూ ఒకే బీడు, మధ్యలో గేటు కూడా లేదు. ఆవులు నీళ్లకి దగ్గర్లో మేసిందే మళ్లీ మేస్తున్నాయి, దూరంగా ఉన్నదాని జోలికి పోవడం లేదు. నాకు అప్పటిదాకా బీడు చిన్నదైపోయింది, ఇంకో పది ఎకరాలు లీజుకి తీసుకోవాలి అనే ఆలోచన ఉండేది. ఆ సాయంత్రం నుంచి ఆ ఆలోచన మానుకున్నాను.

ఇక నీళ్ల సంగతి. మా రాష్ట్రంలో లిన్నియస్‌లోని యూనివర్సిటీ పరిశోధన క్షేత్రంలో చాలా ఏళ్లు గమనించి చెప్పిన మాట ఒకటుంది: నీళ్ల తొట్టికి దాదాపు 800 అడుగుల లోపు ఉంటేనే ఆవులు బీడంతా సమంగా మేస్తాయి. అంతకంటే దూరమైతే మంద మొత్తం ఒకేసారి నీళ్లకి బయల్దేరుతుంది, తాగి అక్కడే నీడలో పడుకుంటుంది, పేడ కూడా అక్కడే వేస్తుంది. బీడులోంచి తిన్న సారమంతా కుంట ఒడ్డుకి చేరుతుంది. తొట్టి దగ్గర్లో ఉంటే ఆవులు ఒకటీ రెండుగా వచ్చి తాగి మళ్లీ మేతకి వెళ్లిపోతాయి. అందువల్ల పెద్ద తొట్టి కూడా అక్కర్లేదు, నీరు వేగంగా నిండితే చాలు.

మాకు ఈక్విప్ కింద భూమిలో పూడ్చిన పైపులైనూ, పాత మైనింగ్ వాహనాల పెద్ద టైర్లతో చేసిన తొట్లూ వచ్చాయి. టైరు తొట్టి మామూలు రేకు తొట్టి కంటే ఎంతో నయం. నల్ల రబ్బరు కాబట్టి చలికాలం ఎండకి కాస్త వేడెక్కుతుంది, ఆవులు ఎంత రుద్దుకున్నా సొట్ట పడదు. తొట్టి చుట్టూ ముందు మందపాటి జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద కంకర పోసి గట్టి చేయాలని ప్లాన్‌లో రాశారు. మొదట్లో ఇది అనవసరపు ఖర్చు అనిపించొచ్చు. ఆ గుడ్డ లేకపోతే కంకర రెండు వానలకి బురదలోకి దిగిపోతుంది. పాత కుంట దగ్గర మార్చి నెలలో ఆవులు మోకాళ్లదాకా బురదలో దిగి, పొదుగులు మట్టి చేసుకుని వచ్చేవి, దూడలు ఆ పొదుగులే చీకేవి. ఇప్పుడు తొట్టి దగ్గర మేం చెప్పులతో నడుస్తున్నాం. దూడల్లో విరేచనాలు బాగా తగ్గాయి. దానికి ఇదొక్కటే కారణమని అనను, కానీ పొదుగులు శుభ్రంగా ఉండటం నా కళ్లముందు కనిపించే మార్పు.

కంచె విషయానికొస్తే, నా కాంట్రాక్టులో లోపలి అడ్డకంచెలకి డబ్బిచ్చారు. పన్నెండున్నర గేజి హైటెన్సైల్ తీగ, కరెంటు కంచె. పని ఒక కాంట్రాక్టరుకి ఇచ్చాం. స్తంభాలు చక్కగా పాతాడు, మూలలు బలంగా కట్టాడు, ఎర్తింగ్ మాత్రం ఒకే ఒక్క రాడ్డుతో సరిపెట్టేశాడు. కరెంటు కంచెలో ఎనర్జైజర్ (తీగలోకి కరెంటు పంపే పెట్టె) ఎంత పెద్దదైనా ఎర్తింగ్ బలహీనంగా ఉంటే ఆవుకి షాక్ తగలదు. ఎనర్జైజర్ శక్తిలో ఒక్కో జౌల్‌కి మూడడుగుల ఎర్తింగ్ రాడ్డు చొప్పున, రాడ్లు ఒకదానికొకటి పదడుగుల దూరంలో ఉండాలని లెక్క. ఆగస్టులో నేల ఎండిపోయాక మా పెయ్యలు తీగ కింద నుంచి తలలు పెట్టి హాయిగా అవతలి గడ్డి తినడం మొదలుపెట్టాయి. పని పూర్తయిందని సర్టిఫై చేయడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు వోల్టేజి చూసి ఒప్పుకోలేదు. డబ్బు ఆగిపోయేసరికి కాంట్రాక్టరు మళ్లీ వచ్చి మిగిలిన రాడ్లు దిగ్గొట్టాడు. చాలామంది ఈ తనిఖీని పెద్ద తలనొప్పిగా చెప్తారు. నాకైతే అది మా తరఫున ఒక మనిషి నిలబడినట్టు అనిపించింది.

డబ్బు ఎలా వస్తుందో జాగ్రత్తగా చదవండి, అసలు టెన్షన్ ఇక్కడే. ఇది గ్రాంట్‌లా ముందే చేతికి రాదు. పని మనం చేయించాలి, బిల్లులు మనం కట్టాలి, ప్రమాణాల ప్రకారం ఉందని వాళ్లు చూశాక చెల్లిస్తారు. ఖర్చులో 75 శాతం వరకు ఇవ్వొచ్చని రూల్ ఉంది. వ్యవసాయం మొదలుపెట్టి పదేళ్లు దాటనివాళ్లకి 90 శాతం దాకా ఇచ్చే వీలుంది. వాళ్లు అడిగితే కనీసం సగం ముందుగా కూడా ఇస్తారు, కానీ ఆ ముందస్తు డబ్బు 90 రోజుల్లో ఖర్చుపెట్టాలి. ఈ శాతాలు చూసి మురిసిపోకండి. చెల్లింపు మన బిల్లు మీద లెక్కకట్టరు. అడుగు కంచెకింత, అడుగు పైపుకింత అని రాష్ట్రానికి ముందే నిర్ణయించిన రేటు ఉంటుంది. తీగ ధర పెరిగినా, మీ నేలలో రాళ్లు తగిలి తవ్వకం ఖర్చు పెరిగినా ఆ తేడా మనదే. మేం కట్టింది, మాకు వచ్చింది పక్కపక్కన పెట్టి చూస్తే సగానికి పైనే వచ్చింది, మూడొంతులు మాత్రం రాలేదు. అది కూడా చిన్న సాయం కాదు.

ఆ డబ్బుకి 1099 ఫారం వస్తుంది, అంటే పన్ను లెక్కలో చూపించాలి. పన్ను చట్టంలోని సెక్షన్ 126 కింద కొంత భాగం మినహాయించుకునే అవకాశం ఉంటుంది కాబట్టి పొలం లెక్కలు తెలిసిన అకౌంటెంట్‌ని కలవండి. ఐటీ జీతాల రిటర్నులు మాత్రమే వేసేవాళ్లకి దీని గురించి పెద్దగా తెలియకపోవచ్చు. ఇంకో సంగతి: 2022లో ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ అనే చట్టం ఈక్విప్‌కి 845 కోట్ల డాలర్లు అదనంగా కేటాయించింది. 2025 మొదట్లో ఆ నిధుల చెల్లింపులు కొంతకాలం నిలిపేశారు. అప్పటికే సంతకాలు చేసి, సొంత డబ్బు పెట్టేసిన రైతులు ఎదురుచూడాల్సి వచ్చింది. అందుకే రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనా ఇల్లు గడిచేలా ఉంటేనే దిగండి. క్రెడిట్ కార్డు మీద తీగచుట్టలు కొని, చెక్కు వస్తుంది కదా అని కూర్చోవడం మంచిది కాదు.

కాంట్రాక్టు మీద రెండు పక్కలా సంతకాలయ్యేదాకా పని మొదలుపెట్టకూడదు. మొదలుపెట్టిన పనికి డబ్బు రాదు. మా పక్క ఫారం పెద్దాయన ఇది తెలిసి కూడా, ఎండాకాలం వచ్చేస్తోందని పైపు తవ్వించేశాడు, ఆ పైపుకి వచ్చే వాటా పోయింది. దరఖాస్తు పెట్టినవాళ్లందరికీ రాదు కూడా. పొలాలకి మార్కులేసి ర్యాంకులిస్తారు, ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు మళ్లీ చూస్తారు.

గడ్డి విషయంలో మాకు ఫలితం కనిపించడానికి టైమ్ పట్టింది. ప్లాన్‌లో ముఖ్యమైన మాట ఒకటే: సగం మేపు, సగం వదులు. దీని వెనక 1955లో వ్యవసాయ శాఖకి చెందిన ఫ్రాంక్లిన్ క్రైడర్ ప్రచురించిన ప్రయోగాలున్నాయి. ఆకులో సగం తీసేస్తే వేళ్ల పెరుగుదల దాదాపు మామూలుగానే సాగింది. 80 శాతం తీసేస్తే వేళ్లు పెరగడం పూర్తిగా ఆగిపోయింది. పైన గడ్డి కొరికితే కింద వేరు చచ్చుబడుతుందన్నమాట. అప్పటిదాకా మా బీళ్లన్నీ 80 శాతం బాపతే. మా దగ్గర ఉండేది కెంటకీ 31 ఫెస్క్యూ గడ్డి. ఎనిమిది అంగుళాలు రాగానే ఆవుల్ని వదిలి, నాలుగంగుళాలు ఉండగానే పక్క పాడక్‌లోకి (అడ్డకంచెతో విడదీసిన బీడు ముక్కలోకి) తోలేస్తాం. వసంతంలో మూడు వారాల లోపే మళ్లీ తిరిగి రావొచ్చు, ఎండలు ముదిరాక నలభై రోజులైనా ఆగాలి. ఈ గడ్డిలో ఉండే ఫంగస్ తయారుచేసే విషం వల్ల ఎండాకాలం ఆవులకి ఒళ్లు కాలి, కుంటలో నిలబడి రొప్పుతాయి. ఫిబ్రవరిలో నేల గడ్డకట్టి కరుగుతున్నప్పుడు ఎర్ర క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్క విత్తనం పైపైన చల్లితే, ఆ పగుళ్లలోకే దిగి మొలుస్తుంది. క్లోవర్ కలిసిన మేతలో ఆ విషం పాలు తగ్గుతుంది, నేలకి నత్రజని కూడా వస్తుంది.

నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చింది చలికాలం. ఆగస్టులో రెండు పాడక్‌లు మూసేసి గడ్డి పెరగనిస్తాం. డిసెంబరులో ఆ నిలవ గడ్డిని తీగ జరుపుతూ రోజుకింత చొప్పున మేపుతాం. మంచు పడ్డా ఆవులు ముట్టెతో తోసుకుని తింటాయి, పైగా చలికి ఫెస్క్యూలో విషం కూడా తగ్గుతుంది. ఎండుగడ్డి రోల్స్ వేయడం నవంబరు చివర థాంక్స్‌గివింగ్‌కే మొదలుపెట్టేవాళ్లం, ఇప్పుడు చాలా ఏళ్లు జనవరి చివరిదాకా వాటి జోలికి పోవడం లేదు. పథకం ఇచ్చిన చెక్కు ఒకసారి వచ్చి అయిపోయింది. ఎండుగడ్డి మీద మిగిలేది మాత్రం ఏటా మిగులుతోంది.

దీనికి చాకిరీ ఉంది, దాచను. రెండు మూడు రోజులకోసారి ఎవరో ఒకరు తీగ జరపాలి, తొట్టి ఫ్లోట్ చూడాలి. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి బూట్లు మార్చుకుని నేరుగా బీడుకే వెళ్తారు, అలవాటయ్యాక అరగంట పని. ఇండియాకి నెల రోజులు వెళ్తే ఎవరు జరుపుతారు అన్నదే మాకు పెద్ద ప్రశ్న. పక్క ఫారం పెద్దాయన మనవడికి నేర్పించాం, వాడు మాకంటే బాగా చేస్తున్నాడు. కంచె, తొట్టి, పైపులకి 20 ఏళ్ల ఆయుష్షు లెక్కగడతారు, అన్నేళ్లూ పనిచేసేలా చూసుకునే బాధ్యత మనదే. కాంట్రాక్టు నడుస్తుండగా భూమి అమ్మితే కొనేవాళ్లు ఆ బాధ్యత ఒప్పుకోవాలి, లేకపోతే తీసుకున్నది వెనక్కి కట్టాల్సి రావచ్చు. ఏడాదికి ఏడాది నోటిమాట లీజు మీద నడిపేవాళ్లు దీనికి పోకండి. గేటు తెరిచి పెట్టి ఆవుల్ని వాటి మానాన వదిలేసే ఉద్దేశం ఉన్నవాళ్లు కూడా వద్దు. కంచెలు నిలబడతాయి, గడ్డి మాత్రం పెరగదు.

మిస్సోరీలో ఉన్నవాళ్లకి రెండో దారి కూడా ఉంది. 1984లో ఇక్కడి ఓటర్లు డాలరులో వెయ్యో వంతు అమ్మకం పన్ను పార్కులకీ, నేలకీ, నీటికీ ఇవ్వడానికి ఒప్పుకున్నారు, 2016లో మళ్లీ ఓటేసి కొనసాగించారు. ఆ డబ్బు 114 కౌంటీల్లోని సాయిల్ అండ్ వాటర్ డిస్ట్రిక్టుల ద్వారా రైతులకి వస్తుంది, అంచనా ఖర్చులో 75 శాతం దాకా ఇస్తారు. మేతకి సంబంధించిన పనులకి ముందు గ్రేజింగ్ స్కూలుకి వెళ్లి రావాలి. డబ్బు సంగతి ఎలా ఉన్నా ఆ స్కూలుకి వెళ్లండి. మా రెండో పైపులైను ఈ దారిలోనే వేయించాం. కాగితాలు తక్కువ, పని త్వరగా అయింది.

ఈక్విప్ దరఖాస్తులు ఏడాది పొడవునా తీసుకుంటారు, కానీ ర్యాంకులకి కటాఫ్ తేదీలుంటాయి, దాటితే తర్వాతి విడతే. వెళ్లేటప్పుడు పొలం మ్యాపు మీద నీళ్లు ఎక్కడున్నాయో, ఆవులు ఎక్కడ పడుకుంటాయో, గడ్డి ఎక్కడ ముదిరి పాడవుతోందో గుర్తుపెట్టి తీసుకెళ్లండి. ప్లానర్ వచ్చి నడవడానికీ, మేత ప్లాన్ రాసివ్వడానికీ మన దగ్గర ఏమీ తీసుకోరు. కాంట్రాక్టు రాకపోయినా ఆ ప్లాన్ మీ చేతిలోనే ఉంటుంది. ఒక ఎనర్జైజర్, ఒక చుట్ట పాలీవైరు (సులువుగా జరపగలిగే ప్లాస్టిక్ కరెంటు తీగ), కాలితో నొక్కి పాతే కొన్ని గుంజలు సొంతంగా కొనుక్కుని ఆ వేసవిలోనే మొదలుపెట్టొచ్చు. అయితే ఆ పనికే ఈక్విప్ డబ్బు అడిగి ఉంటే మాత్రం, ముందు మీ ప్లానర్‌ని ఒక మాట అడగండి.