పోలీసు కాగితాల కోసం ఆరేళ్లు తిరిగాక: ఏ దారి ఎంతవరకు పనికొచ్చింది

2019 ఆగస్టులో మా అన్నయ్య హైదరాబాద్–విజయవాడ హైవే మీద బైకు ప్రమాదంలో పోయాడు. పెద్దకర్మ అయిన మూడో రోజే ఇన్సూరెన్స్ వాళ్లు వదినకు ఫోన్ చేశారు. ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా (సాక్షుల ముందు శవాన్ని చూసి పోలీసులు రాసే నివేదిక), పోస్ట్‌మార్టం రిపోర్టు తెచ్చివ్వమన్నారు. అంతకుముందు నేను స్టేషన్ మెట్లెక్కింది పాస్‌పోర్టు వెరిఫికేషన్ కోసం ఒక్కసారే. ఆ తర్వాత చుట్టాలకీ మా వీధివాళ్లకీ కలిపి పన్నెండు కేసుల కాగితాలు తెప్పించాను. ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే, దుఃఖంలో ఉన్న మనిషి నాలాగా తిరగకూడదని ఇది రాస్తున్నాను.

ముందు స్టేషన్ సంగతి. వదినా నేనూ మూడుసార్లు వెళ్లాం. మొదటిసారి ఎస్సై గారు బందోబస్తుకు వెళ్లారన్నారు. రెండోసారి సిస్టమ్ పనిచేయడం లేదన్నారు. మూడోసారి స్టేషన్ రైటర్ అసలు మాట చెప్పాడు: "ఫిర్యాదు ఇచ్చింది మీరు కాదు కదమ్మా, ఆయనకే కాపీ ఇస్తాం." నిజమే, ఫిర్యాదు ఇచ్చింది ప్రమాదం చూసిన ఒక దాబా ఆయన. పోలీసు, కోర్టు కేసులు నడిపే పద్ధతి చెప్పే అప్పటి చట్టం, సీఆర్‌పీసీ 154వ సెక్షన్, ఉచితంగా కాపీ ఇవ్వాలన్నది సమాచారం ఇచ్చిన మనిషికే. భర్తను పోగొట్టుకున్న మనిషి ఆ మాట విని కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. ఆ రోజు వదిన ముఖం నాకింకా గుర్తుంది.

2024 జులై 1 నుంచి ఇది మారింది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్‌లో ఫిర్యాదుదారుతో పాటు బాధితులకు కూడా ఎఫ్‌ఐఆర్ కాపీ వెంటనే, ఉచితంగా ఇవ్వాలని రాశారు. పోయిన ఏడాది మా పక్కింటావిడ గొలుసు తెంపుకుపోయిన కేసులో ఈ సెక్షన్ నంబర్ కాగితం మీద రాసి పట్టుకెళ్లాం. పదిహేను నిమిషాల్లో కాపీ చేతికొచ్చింది. స్టేషన్‌లో మర్యాదగానే అడగాలి, కానీ నోటిమాటగా కాదు. తెల్లకాగితం మీద రాసి, రెండో ప్రతి మీద రసీదు సంతకం, ముద్ర వేయించుకోవాలి. నా అనుభవంలో రసీదు అడిగేసరికి 'రేపు రండి' అనే మాట బాగా తగ్గింది.

వదిన కేసులో చివరికి దారి చూపించింది ఒక లాయరు గుమాస్తా. "అది ఆన్‌లైన్‌లోనే ఉంటుంది కదమ్మా" అన్నాడు. 2016 సెప్టెంబర్‌లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, ఎఫ్‌ఐఆర్ నమోదైన 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని ఆదేశించింది. కనెక్టివిటీ సరిగా లేని చోట గడువు 48 గంటలు, మారుమూల ప్రాంతాల్లో 72 గంటలు. నెట్ సెంటర్‌లో కూర్చుని జిల్లా, స్టేషన్, సంవత్సరం, క్రైం నంబర్ (అంటే ఎఫ్‌ఐఆర్ నంబరే) కొడితే పది నిమిషాల్లో ప్రింట్ వచ్చింది. మూడు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగిన కాగితం అది.

కానీ ఆన్‌లైన్‌ను మరీ నమ్ముకోవద్దు. క్రైం నంబర్ తెలియకపోతే వెతుకులాట చాలా కష్టం. తెలంగాణలో ఇంకో చిక్కుంది. 2016లో జిల్లాలు చీలాక కొన్ని స్టేషన్లు రెవెన్యూ జిల్లా పేరు కింద కనిపించవు, కమిషనరేట్ పేరు కింద ఉంటాయి. చౌటుప్పల్‌లో జరిగిన వేరే కేసు కోసం నేను యాదాద్రి భువనగిరి కింద రెండు రోజులు వెతికాను. అప్పట్లో అది రాచకొండ కమిషనరేట్ కింద ఉండేది. ఇక లైంగిక నేరాలు, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలు), ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసుల ఎఫ్‌ఐఆర్‌లు వెబ్‌సైట్‌లో పెట్టరు. అది సరైన పనే. అలాంటి కేసులో హక్కున్న వాళ్లకు కాపీ అందకపోతే ఎస్పీకి అర్జీ పెట్టుకోవచ్చు. ముగ్గురు అధికారుల కమిటీ మూడు రోజుల్లో తేల్చాలని అదే తీర్పులో ఉంది.

ఎఫ్‌ఐఆర్ చేతికి రాగానే అందరూ చేసే పొరపాటు, దాన్ని మడిచి ఫైల్లో పెట్టేయడం. మేమూ అదే చేశాం. అన్నయ్య ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఆధార్‌లో ఒకటి, ఎఫ్‌ఐఆర్‌లో ఒకటి. క్లెయిమ్ రెండు నెలలు అక్కడే ఆగిపోయింది. నమోదైన ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేసి దిద్దరు. దర్యాప్తు అధికారికి అర్జీ ఇచ్చి, వాంగ్మూలంలో సరైన పేరు రాయించి, ఛార్జిషీటులో అది వచ్చేలా చూసుకోవాలి. అందుకని కాపీ అందిన రోజే పేరు, వయసు, బండి నంబర్, తేదీ, సమయం, స్థలం ఒక్కొక్కటీ వేలు పెట్టి చదవండి. ఇంట్లో చదువు రాని పెద్దవాళ్లుంటే బయటికి చదివి వినిపించండి. మా అమ్మే ముందు పట్టుకుంది, ప్రమాదం జరిగిన వేళ తప్పు రాశారని.

ఇన్ని దారుల్లో నేను ఎక్కువ మార్కులు వేసేది కోర్టు కాపీయింగ్ సెక్షన్‌కి, అంటే కోర్టు కాగితాల నకళ్లు ఇచ్చే విభాగానికి. ఇది చాలామందికి తోచదు. ఎఫ్‌ఐఆర్ ఎలాగూ మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్తుంది. ఛార్జిషీటు వేసినప్పుడు దానితో పాటు పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, బండిని పరీక్షించిన ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, గాయాల వివరాలుండే వూండ్ సర్టిఫికెట్ అన్నీ అక్కడికే చేరతాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఎఫ్‌ఐఆర్ నంబర్‌తో వెతికితే కోర్టు పేరు, సీసీ నంబర్ (కోర్టులో ఆ కేసుకిచ్చే నంబర్) తెలుస్తాయి. ఆ సీసీ నంబర్‌తో, కోర్టు ఫీజు స్టాంపు అంటించి నకలు అర్జీ పెట్టాలి. వదిన కేసులో తొమ్మిది రోజులు పట్టింది. ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ కాబట్టి ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ వాళ్లు మారుమాట లేకుండా తీసుకున్నారు. కేసులో పార్టీ కానివాళ్లు మాత్రం ఎందుకు కావాలో రాసి కోర్టు అనుమతి అడగాలి. ఛార్జిషీటు పడేదాకా చాలా కాగితాలు దొరకవు, ఆ ఎదురుచూపు తప్పదు.

ప్రమాదం కేసుల్లో ఇప్పుడు కొంత మేలు. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి, దాని కాపీ బాధితులకూ ఇన్సూరెన్స్ కంపెనీకీ అందాలి. వివరమైన నివేదికకు 90 రోజులు. మొదటి నివేదికను 'ఫారం 1' అని పేరు పెట్టి అడగండి. 'యాక్సిడెంట్ కాగితాలు' అంటే ఎవరికీ అర్థం కాదు.

సమాచార హక్కు చట్టం కింద నాలుగు దరఖాస్తులు పెట్టాను. జిల్లా పోలీసు కార్యాలయానికి, పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో, రిజిస్టర్డ్ పోస్టులో. రెండింటికి ముప్పై రోజుల్లోపు జవాబు వచ్చింది. ఇంకో రెండింటికి 'దర్యాప్తులో ఉంది, 8(1)(హెచ్) కింద ఇవ్వలేం' అని ఒకే వాక్యం. దర్యాప్తు నడుస్తోందన్నంత మాత్రాన సరిపోదు, సమాచారం ఇస్తే దానికి ఎలా అడ్డొస్తుందో చెప్పాలని 2007లో భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు అంది. ఆ తీర్పు ప్రస్తావించి మొదటి అప్పీలు వేస్తే ఒకదానికి కాగితాలొచ్చాయి. రెండోదానికి రాలేదు. ఫిర్యాదు ఇచ్చినా ఎఫ్‌ఐఆర్ కాని సందర్భాల్లో సమాచార హక్కు దరఖాస్తు బాగా పనికొస్తుంది. జనరల్ డైరీలో (స్టేషన్‌లో రోజువారీ రాసే పుస్తకం) ఏ తేదీన ఏ నంబరు ఎంట్రీ వేశారు, ఏం చర్య తీసుకున్నారు అని రెండే ప్రశ్నలు అడగాలి. కథంతా రాస్తే జవాబు కూడా కథలాగే వస్తుంది.

అరెస్టు రికార్డు మాత్రం వేరే లోకం. పేరు కొడితే ఫలానా మనిషి అరెస్టుల చిట్టా అంతా బయటికొచ్చే వెబ్‌సైట్ మనకు లేదు, అలా చూపిస్తామని డబ్బులడిగే వాళ్లను నమ్మకండి. అరెస్టయిన వాళ్ల పేరు, చిరునామా, ఏ నేరమో ప్రతి స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో కనిపించేలా పెట్టాలని బీఎన్‌ఎస్‌ఎస్ 37వ సెక్షన్ చెబుతోంది. నేను చూసిన స్టేషన్లలో ఆ బోర్డు కొన్నిచోట్ల ఖాళీగానే ఉంది. మనవాళ్లను తీసుకెళ్లారని తెలిస్తే అడగాల్సిన కాగితం అరెస్టు మెమో. దాని మీద కుటుంబ సభ్యుడో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయిన మనిషీ సంతకం పెట్టాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి కాబట్టి, మర్నాటికి రిమాండ్ రిపోర్టు (అరెస్టు ఎందుకో పోలీసులు కోర్టుకు రాసిచ్చేది) కోర్టులో ఉంటుంది. టెన్షన్‌లో స్టేషన్ గేటు దగ్గరే నిలబడిపోతాం గానీ, ఒకరు కోర్టు దగ్గర ఉండటం మంచిది.

పోయిన మార్చిలో మా చిన్నాన్న కొడుకు అమెరికా వీసాకు దరఖాస్తు పెట్టాడు. కాలేజీ రోజుల్లో, 2013లో, హాస్టల్ గొడవలో అరెస్టయి మర్నాడు బెయిల్ మీద వచ్చాడు. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయింది. కేసు పోయింది కదా, 'లేదు' అని రాస్తానన్నాడు. ఫారంలో అడిగింది శిక్ష గురించే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని కూడా. ఉన్నది ఉన్నట్టు రాయరా అని గట్టిగా చెప్పాను. స్టేషన్‌లో పాత ఫైల్ దొరకలేదు. జిల్లా చీలినప్పుడు ఎటు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. కోర్టు రికార్డు రూములో మాత్రం కట్ట దొరికింది. లోక్ అదాలత్ అవార్డు, బెయిల్ ఆర్డర్, ఎఫ్‌ఐఆర్, మూడింటికీ సర్టిఫైడ్ కాపీలు తీసుకున్నాం. ఇరవై రెండు రోజులు పట్టింది. తెలుగులో ఉన్న ఎఫ్‌ఐఆర్‌ను ఇంగ్లీషులోకి అనువాదం చేయించి నోటరీ చేయించాం. ఇంటర్వ్యూలో ఆ ఫైలు అడిగి చూశారు. వాడిప్పుడు డాలస్‌లో ఉన్నాడు. ఒక సెట్టు వాడి దగ్గర, ఇంకొకటి మా బీరువాలో, అన్నయ్య ఫైలు పక్కన ఉంది.