లిక్విడ్ కన్సీలరా, స్టిక్ కన్సీలరా?

మచ్చలను, కళ్ల కింది నల్లటి వలయాలను కప్పే మేకప్ కన్సీలర్. కంటి కింది చర్మం చాలా పలుచన. నవ్వినప్పుడల్లా ముడత పడుతుంది. అక్కడ స్టిక్ రుద్దితే గంట తిరిగేసరికి ఆ మందపాటి పూత గీతల్లో చేరి, లేని వయసును తెచ్చిపెడుతుంది. కాబట్టి కళ్ల కిందికి నా ఓటు లిక్విడ్‌కే. ముందుగా మాయిశ్చరైజర్ రాసి, అది ఇంకాక రెండు మూడు చుక్కలు చాలు. ఉంగరపు వేలితో అద్దాలి, రుద్దకూడదు. ఆ వేలి ఒత్తిడి తక్కువ. పొడి చర్మానికీ లిక్విడే నయం.

మొటిమ మచ్చల దగ్గర కథ మారుతుంది. స్టిక్‌లో రంగు చిక్కగా ఉంటుంది, పెట్టినచోటే నిలుస్తుంది. సన్నని బ్రష్‌తో మచ్చ మీద మాత్రమే పెట్టి, అంచులను కలిపేసి, పైన కాస్త పౌడర్ అద్దితే సరి. జిడ్డు చర్మం వారు మాత్రం మైనం, నూనెలు ఎక్కువగా ఉన్న స్టిక్‌లు కొనకపోవడం మేలు. స్టిక్‌ను నేరుగా మొటిమకు తాకించి మళ్లీ మూత పెట్టే అలవాటు నాకూ ఉండేది, శుభ్రత దృష్ట్యా మానేశాను.

ఇక నల్లటి వలయాల మీద లేత రంగు కన్సీలర్ పూస్తే బూడిద పూసినట్టు కనిపిస్తుంది. ఈ చిక్కు రెండింటితోనూ ఉంది. వలయాల నీలి ఛాయను నారింజ రంగు కరెక్టర్ (కన్సీలర్ కింద వేసే రంగు పూత) అణచివేస్తుంది, మచ్చల ఎరుపును ఆకుపచ్చ కరెక్టర్. కరెక్టర్‌ను పలుచగా వేశాకే చర్మపు రంగుకు సరిపోయే కన్సీలర్ వేయాలి. కన్సీలర్ రంగును పగటి వెలుతురులో చూసి ఎంచుకోండి.