మహేంద్రగిరి దాటడం: పర్లాకిమిడి నుంచా, బారువ నుంచా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన మాకు మహేంద్రగిరి అంటే శివరాత్రికి జీపులో వెళ్లి, కుంతి, భీమ, యుధిష్ఠిర ఆలయాలు చూసుకుని, చీకటి పడేలోగా ఇల్లు చేరే చోటు. ఆ కొండను దాటి సముద్రం దాకా నడవాలన్న ఆలోచన మా బావమరిదిది. ఇద్దరం ఆ దారిని రెండుసార్లు, రెండు వైపుల నుంచీ నడిచాం.

మొదటిసారి బారువ నుంచి బయలుదేరాం. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట కాళ్లు తడుపుకుని, ఆ నది పుట్టిన కొండ మీదికి ఎక్కడం ముచ్చటగా తోచింది. మందస దాకా కొబ్బరి, జీడి తోటల మధ్య చదును నేల. ఆ తరువాత తూర్పు వాలు ఒక్కసారిగా లేస్తుంది. సముద్రమట్టం నుంచి 1,501 మీటర్ల శిఖరానికి చేరాలి; పైగా పొద్దుటి ఎండంతా ఆ వాలు మీదే పడుతుంది. మాఘమాసమే అయినా తొమ్మిదింటికల్లా చొక్కాలు తడిసిపోయి, చెరో మూడు లీటర్ల నీళ్లూ సగం దారిలోనే అయిపోయాయి. పెద్ద పెద్ద రాతి దిమ్మెలు పేర్చి కట్టిన భీముని గుడి నీడలో గంటసేపు మాటా పలుకూ లేకుండా కూలబడ్డాం. రాజేంద్ర చోళుని శాసనం గురించి దారి పొడవునా చెప్పిన నేనే దాన్ని చూడడానికి లేవలేకపోయాను.

పడమటి వైపు దిగడం సులువే. అయితే నాలుగో రోజు సాయంత్రానికి నా పాదాలు పొక్కిపోయి, ఇక అడుగు పడలేదు. ఆ వైపు పొద్దు వాలాక బండ్లు తిరగవు. దొరికిన ఒక్క జీపు అతను రెండు వేలు అడిగి, "ఎక్కితే ఎక్కండి, లేకుంటే పొద్దున్నదాకా కూకోండి" అన్నాడు. ఎక్కాం.

అందుకే రెండోసారి ఇంటి దగ్గరే మొదలుపెట్టాం. బస, బండి, తిండి ఏదీ ఖాయం కాని పడమటి భాగాన్ని ఒంట్లో సత్తువ, చేతిలో సమయం ఉన్న మొదటి రోజుల్లోనే దాటేయడం మంచిదని నా అభిప్రాయం. రెండో రాత్రి ఒక సవర పల్లెలో ఇంటి అరుగు మీద పడుకున్నాం. ఆ ఇల్లాలు అల్యూమినియం గ్లాసుల్లో రాగి అంబలి పోసి, పక్కన రెండు పచ్చిమిరపకాయలు పెట్టింది. డబ్బు వద్దంది గానీ, మా సంచిలోని కందిపప్పు పుచ్చుకుంది. ఆమె తెలుగులో మాట్లాడుతుంటే మాకు సవరలో ఒక్క మాటా రాలేదు. మా ఊళ్లోనే ఉండి ఆ భాషకు వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారిని మా ఊరి గొప్పగా చెప్పుకునే నాకు అక్కడ కొంచెం సిగ్గేసింది.

తూర్పు వాలు దిగేసరికి మధ్యాహ్నం దాటింది, కొండ నీడ మా మీదికి వచ్చేసింది. ఎండ బాధ తప్పింది గానీ, గులకరాళ్ల మీద కాలు నిలవక నా చెప్పు పట్టీ తెగింది. మోకాళ్ల భారమంతా వెదురు కర్ర మోసింది. "ఎక్కడమే నయం బావా" అని మా వాడు పదిసార్లు అని ఉంటాడు. మందస చేరాక మాత్రం దిగులు లేదు: ఆటోలున్నాయి, కోవా ఉంది, వాసుదేవ పెరుమాళ్ కోవెల ఉంది. మంచి గది కావాలంటే పలాస వెళ్లడం మేలు. మేము బారువ చూసుకుని అక్కడే బస చేశాం. బారువకు దగ్గర్లోని సోంపేట హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో ఉంది కాబట్టి తిరుగు ప్రయాణానికి రైలు దొరుకుతుంది. పర్లాకిమిడి మీదుగా పోయే నౌపడా–గుణుపురం శాఖా మార్గంలో రోజుకు వేళ్ల మీద లెక్కపెట్టే రైళ్లే నడుస్తాయి.

మోకాళ్ల నొప్పి ఉన్నవారు మాత్రం బారువ నుంచే ఎక్కండి. తెల్లవారుజామున నాలుగింటికే వాలు మొదలుపెట్టి, పడమట దిగే రోజుకు పర్లాకిమిడి నుంచి బండిని ముందే మాట్లాడి పెట్టుకోండి.