ఫర్‌మార్క్ పెట్టి చూడాలా, కార్డు తీసి ఇంకో పీసీలో పెట్టాలా?

గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడి ఫ్యాన్లు మాత్రం ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంటే గ్రాఫిక్స్ కార్డు పోయిందేమోనని టెన్షన్ మొదలవుతుంది.

ఫర్‌మార్క్ అంటే గ్రాఫిక్స్ కార్డు మీద ఫుల్ లోడ్ పెట్టి పరీక్షించే సాఫ్ట్‌వేర్. ఇది తేలిక, ఏదీ విప్పక్కర్లేదు. పది నిమిషాలు నడిపి, పక్కనే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో కార్డు టెంపరేచర్ చూస్తే వేడి సమస్య ఉందో లేదో తెలుస్తుంది. కానీ పీసీ ఠక్కున ఆగిపోతే తప్పు కార్డుదా, పవర్ సప్లైదా అన్నది తేలదు, లోడ్ రెండింటి మీదా పడుతుంది కదా. పైగా ఇప్పటికే దెబ్బతిన్న కార్డుకి ఆ వేడి మంచిది కాదు.

మార్చి చూడటానికి మాత్రం ఇంకో పీసీ కావాలి, దాని పవర్ సప్లై సరిపోవాలి, తీసేటప్పుడు స్లాట్ చివరున్న లాచ్ నొక్కడం మర్చిపోకూడదు. అయినా నా ఓటు దీనికే. నా కార్డుని మా తమ్ముడి పీసీలో పెట్టి ఆన్ చేస్తే, విండోస్ రాకముందే బయోస్ స్క్రీన్ మీద గులాబీ రంగు చుక్కలు వరసగా గళ్లు కట్టినట్టు కనిపించాయి. అప్పటికి కార్డుని నడిపే విండోస్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లోడే కాదు, కాబట్టి డ్రైవర్‌ని అనుమానించే పనే లేదు. చాలాసార్లు ఇది కార్డు మీది మెమరీ చిప్పుల సమస్య. అదే అక్కడ గంటసేపు గేమ్ ఆడినా శుభ్రంగా నడిస్తే, కొత్త కార్డు కొనకుండా ముందు మీ పవర్ సప్లై, దాని కేబుళ్లు చూసుకోండి.