గంటస్తంభం దగ్గర వెయ్యి రూపాయల సలహా

విజయనగరం గంటస్తంభానికి కొంచెం అవతల, ఒక మేడ మీద ఉంది ఆ న్యాయవాది గారి ఆఫీసు. మెట్లు బాగా ఇరుకు. ఆరింటికి రమ్మని ఏడున్నరకు పిలిచారు. అప్పటికే మా ఏడేళ్ల పాప నా ఒళ్లో నిద్రపోయింది.

నేను వెళ్లింది ఒకే ప్రశ్నతో. మా నుంచి విడిగా ఉంటున్న వాళ్ల నాన్న ఖర్చులకు డబ్బు పంపని నెల పాపను చూపించకపోతే తప్పా? "తప్పేనమ్మా" అన్నారావిడ, కాగితం మీంచి తల ఎత్తకుండానే. భరణం బాకీ పడితే కోర్టు ద్వారా రాబట్టుకునే దారి వేరే ఉందట, దానికి పిల్లను తాకట్టు పెట్టకూడదట. తల్లిదండ్రులిద్దరి ప్రేమా బిడ్డ హక్కని 2020లో సుప్రీంకోర్టు చెప్పిందన్నారు. నాకు ఒళ్లు మండింది. నా ఫీజు తీసుకుని ఆయన తరఫున మాట్లాడుతున్నారే అనుకున్నాను.

తల్లిని కాబట్టి పాప నాదేనన్న ధీమా కూడా అక్కడే పోయింది. మామూలుగా తల్లి దగ్గర ఉండాలని 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెప్పేది అయిదేళ్లు నిండని పిల్లల గురించి. ఆ తర్వాత కోర్టు చూసేది బిడ్డ మేలే. శ్రీకాకుళంలో కేసు వేస్తానని ఆయన బెదిరిస్తున్నాడన్నాను. సంరక్షణ కోసమే వేసే కేసైతే, 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం పిల్ల మామూలుగా ఉండే చోటే వేయాలట. "బడి ఇక్కడే కదా" అని మొదటిసారి నవ్వారు.

ఆవిడ పనితనం తెలిసింది రాజీ పత్రం దగ్గర. "సెలవుల్లో తండ్రి దగ్గరకు పంపాలి" అని నేను రాసుకెళ్లిన వాక్యాన్ని కొట్టేశారు. రెండో, నాలుగో శనివారం ఉదయం పదింటికి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో అప్పగింత, ఆదివారం సాయంత్రం ఆరింటికి అక్కడే తిరిగి తీసుకోవడం, బుధవారం రాత్రి వీడియో కాల్. దసరా సెలవుల దగ్గర కలం ఆపి, సిరిమాను సంగతేమిటని అడిగారు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ జాతరలో సిరిమానును పాప మా అమ్మ భుజాలెక్కి చూసేది. ఆ రోజు నాకు రాశారు. భోగి నుంచి కనుమ దాకా ఆయనకు. మూడు రోజులూ పోయాయని ఏడ్చాను, ఆవిడ మార్చలేదు. పాప పెరిగి పరిస్థితులు మారితే, ఏర్పాటు మార్చమని కోర్టును మళ్లీ అడగవచ్చట.

బయలుదేరుతుంటే, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుందనీ, 15100కు ఫోను చేయమనీ చెప్పారు. వెయ్యి తీసుకున్నాక చెప్పారనుకోండి.