విశాఖ బస్సా, హైదరాబాద్ బస్సా?

ఇల్లుగా మార్చిన పాత బస్సును ఫొటోలు చూసే బేరమాడుతున్నారా? ముందు అది ఏ ఊరి గాలికి నిలబడిందో అడగండి. మా విశాఖలో భీమిలి రోడ్డు పక్కన ఏళ్లుగా ఉన్న బండికి ఉప్పుగాలే శత్రువు. పైన కొత్త రంగు మిలమిలలాడుతుంది. కింద ఛాసిస్ (బస్సును మోసే ఇనుప చట్రం), మెట్ల అడుగు పొరలు పొరలుగా ఊడుతుంటాయి. వీడియో కాల్‌లో ఫోనును బస్సు కిందికి పెట్టించి, స్పానరుతో ఛాసిస్‌ను కొట్టించండి. ఖంగుమంటే సరే. చప్పగా మోగి పెచ్చులు రాలితే ఆ బేరం వదిలేయండి, ఎంత తగ్గించినా సరే.

హైదరాబాద్ బండికి తుప్పు బెడద తక్కువ. ఎండకు టైర్లు, కిటికీ రబ్బర్లు బీటలు వారతాయి, అంతే. టైరు పక్క భాగం మీదున్న నాలుగంకెలు చదివించండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. నా మొగ్గు దీనివైపే. కాకపోతే ఆంధ్రలో స్థిరంగా ఉంచాలంటే తెలంగాణ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి మళ్లీ రిజిస్టరు చేయించాలి.

లోపల మంచాలు, వంటగట్టు ఉండి ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) ఇంకా ప్రయాణికుల బస్సనే ఉంటే మాత్రం, ఏ ఊరిదైనా అడ్వాన్సు పంపకండి.